గెలుపును వదలుకొన్న విశ్వవిద్యాలయము

ఒక విద్యాలయముయొక్క గౌరవమును దేనితోఁ గొలువవలెను? పట్టభద్రుల సంఖ్యతోనా, భవనముల యెత్తుతోనా, గెలిచిన బహుమానములతోనా? ఈ ప్రశ్న క్రొత్తది గాదు. కాని దానికి సమాధానము గ్రంథములయందుఁ గాక యొక్కొక్కప్పు డాటస్థలములయందు దొరకుచుండును. క్రీడలయందు గెలిచి కీర్తి గడించిన విశ్వవిద్యాలయములు లోకమున ననేకములు గలవు. గెలుచుచున్న కాలముననే తన జట్టును తానే రద్దుచేసికొన్నది మాత్రము మిక్కిలి యరుదు. అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రమునందలి శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయము 1982వ సంవత్సరమున నట్టి పని చేసెను. ఆ పని యేల చేయవలసివచ్చెనో గ్రహింపవలెనన్నచో నా విద్యాపీఠపు పురుషుల బాస్కెట్ బాల్ జట్టుయొక్క చరిత్రను మొదటినుండియుఁ జూడవలసియున్నది. కావున నా చరిత్రను సంగ్రహముగా నిచటఁ జెప్పఁబూనితిమి.

బాస్కెట్ బాల్ వయస్సునఁ జిన్నదియగు నాట. 1891 డిసెంబరులో మాసచూసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణపాఠశాలలో, జేమ్స్ నెయిస్మిత్ అను నుపాధ్యాయుఁడు చలికాలమునఁ గప్పుక్రింద నాడుకొనఁదగిన యాట నొకదానిని గల్పించెను. పీచ్ పండ్లు పెట్టుకొను బుట్టలు రెండు తెప్పించి, పది యడుగుల యెత్తునఁ గట్టించి, బంతిని వానిలో వేయుటయే గెలుపని నిర్ణయించి, పదమూఁడు నియమములు వ్రాసెను. బంతిని పట్టుకొని పరుగెత్తరాదు, ఎదుటివానిని భుజముతోఁ ద్రోయరాదు, కొట్టరాదు. బలముండియు దానిని నిగ్రహించుకొనుటయే యీ యాటకు మూలసూత్రమని ఆ నియమములను జదివినవారికిఁ దోఁచును. ఆ యువజన సంఘమువారి మూలముననే యీ క్రీడ మన దేశమునకును వచ్చినది; 1920లో మదరాసున హెచ్. సి. బక్ నెలకొల్పిన వ్యాయామ విద్యాలయము దీనిని దక్షిణదేశమున వ్యాపింపఁజేసిన సంస్థలలో నొకటి. స్వల్పమైన స్థలమును, ఒక బంతియు, గోడకొక యినుపవలయమును జాలును గనుక పట్టణములలోని బీదపిల్లల కిది సొంతమైన యాటయయ్యెను.

శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయమును 1855లో జెస్యూట్ సంఘమునకుఁ జెందిన ఆంటొనీ మరాస్కి యను నిటలీ దేశపు గురువు, సెయింట్ ఇగ్నేషియస్ పేరిట, ఒక చిన్న పాఠశాలగా స్థాపించెను. బంగారమునకై జనులు వెల్లువగా వచ్చి యా నగరమును నింపిన కాలమది. 1906 ఏప్రిలు 18వ తేదిని సంభవించిన భూకంపమునను, దానివెంట వచ్చిన యగ్నిప్రళయమునను కళాశాలయు దేవాలయమును నేలమట్టమయ్యెను. బూడిదనుండి మరల లేచి 1930లో విశ్వవిద్యాలయమను పేరు దాల్చెను. కాని యది సిరిగల విద్యాపీఠము గాదు. వలసవచ్చినవారి బిడ్డలును, పనివారి బిడ్డలును జదువుకొను చోటు. దాని జట్టునకు స్వంతమైన ఆటశాలయైనను లేదు. అభ్యాసమున కొకచోటును, పోటీల కింకొకచోటును వెదకికొనుచుండెడిది. 1958లోఁ గాని వారి కొక వ్యాయామశాల యేర్పడలేదు. ఇల్లులేని జట్టని జనులు దానిని బరిహసించుచుండిరి.

ఈ జట్టునకు మొదటి ఖ్యాతి పీట్ న్యూవెల్ అను శిక్షకునివలనఁ గలిగెను. 1949లో న్యూయార్కు నగరమున జరిగిన జాతీయ ఆహ్వాన పోటీలో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు షికాగో నగరపు లయోలా జట్టును 48–47తో నోడించెను. ఒక్క పాయింటు తేడాతో వచ్చిన యా గెలుపు పడమటితీరపు చిన్నవిద్యాలయమును దేశమంతటికిఁ దెలియఁజేసెను. ఎక్కువ పాయింట్లు చేయుటకంటె నెదుటివారిని చేయనీయకుండుటయే మేలను పాఠమును న్యూవెల్ అచట నాటిపోయెను. 1950లో ఆయన తరువాత శిక్షకుఁడైన ఫిల్ వూల్పర్ట్ ఆ పాఠమును మఱింత దృఢముగాఁ బాటించెను.

ఈ సందర్భమున వేఱొక యాటనుగూర్చి చెప్పక తప్పదు. 1951లో ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు తొమ్మిది పోటీలాడి తొమ్మిదింటను గెలిచెను. అట్టి జట్లను దక్షిణరాష్ట్రములలో జరుగు సంవత్సరాంతపు మహాపోటీలకు బిలుచుట యాచారము. ఆ జట్టులో ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్ అను నిరువురు నల్లజాతివారుండిరి. వారి నిరువురను ఇంటివద్ద విడిచివచ్చినచో ఆహ్వానము లభించునని సూచన వచ్చెను. తక్కినవారు దానికి సమ్మతింపలేదు. వచ్చిన నందఱమును వత్తుము, లేనిచో నెవ్వరమును రామని నిశ్చయించుకొని యింటనే నిలిచిపోయిరి. మహాపోటీవలన రావలసిన ధనము రాలేదు. వ్యయము భరింపలేక ఆ యేఁటితో విశ్వవిద్యాలయము ఫుట్‌బాల్ జట్టునే నిలిపివేసెను. ధనము లేక మూసివేసిన జట్టు కథ యిది. ధనముండియు మూసివేసిన జట్టు కథ ముప్పది యేండ్లకుఁ దరువాత రానున్నది. ఈ రెంటిని చదువరులు ప్రక్కప్రక్కను బెట్టుకొని చూడవలెనని కోరుచున్నాము.

వూల్పర్ట్ శిక్షణలోనికి వచ్చిన విద్యార్థులలో విలియం రసెల్ ఒకఁడు. అతఁడు 1934లో లూసియానా రాష్ట్రమందలి మన్రో పట్టణమున నల్లజాతి కుటుంబమునఁ బుట్టెను. దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారికిఁ గలుగు నవమానములను బడి పడి, అతని తండ్రి కుటుంబముతోఁ గాలిఫోర్నియాలోని ఓక్లండు నగరమునకు వలసవచ్చెను. పండ్రెండవ యేఁట తల్లి మరణించెను. ఉన్నతపాఠశాలలో నతఁడు గొప్ప ఆటకాఁడని యెవ్వరు ననుకొనలేదు. అతనికి విద్యార్థివేతన మిచ్చెదమని పిలిచిన విశ్వవిద్యాలయ మొక్కటే. అది శాన్ ఫ్రాన్సిస్కో. ఆ పిలుపే రానిచో నతఁడు కళాశాలముఖము చూచియుండెడివాఁడు కాఁడేమో. అచట నతనికి గదిలోఁ దోడుగా దొరకినవాఁడు కె. సి. జోన్స్. ఇతఁడు టెక్సాసు రాష్ట్రమునఁ బుట్టి చిన్ననాఁడే శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చిన నల్లజాతి యువకుఁడు, మితభాషి. వీరిరువురును రాత్రులయందు గదిలోఁ గూర్చుండి, బంతి యేకోణమునఁ బోవును, ఎచట నిలిచిన దానినడ్డవచ్చును అని లెక్కలశాస్త్రము చదువువారివలె విచారించుకొనుచుండిరి. ఎదుటివాఁడు వేయఁబోవు బంతిని గాలిలోనే యడ్డి, దానిని తన జట్టువారికే యందునట్లు మళ్లించుట రసెల్ సాధించిన విద్య.

వీరితోఁ జేరిన మూఁడవ నల్లజాతి యువకుఁడు హాల్ పెర్రీ. ఆట మొదలుపెట్టు నైదుగురిలో ముగ్గురు నల్లవారుండుట ఆ దినములలో సామాన్యవిషయము గాదు. ఒక్కని నుంచిన నుంచవచ్చును, ఇద్దఱను మించరాదు అను వ్రాయని శాసన మనేక విద్యాలయములయం దమలులో నుండెను. దక్షిణరాష్ట్రములలోనైతే నొక్కని నైనను జేర్చుకొనని విశ్వవిద్యాలయములే పెక్కు. మన దేశమున నంటరానితనముయొక్క రీతుల నెఱిఁగిన చదువరులకు దీనిని విప్పిచెప్ప నక్కఱలేదు. భోజనశాలలో వేఱుచోటు, బండిలో వేఱుచోటు, పాఠశాలయే వేఱు. 1954 మే 17వ తేదిని అమెరికా అత్యున్నత న్యాయస్థానము పాఠశాలలలో నిట్టి విభజన శాసనవిరుద్ధమని తీర్పుచెప్పెను. కాని తీర్పు వచ్చినంతమాత్రమున మనుష్యుల మనస్సులు మాఱవుగదా.

ఆ తీర్పు వెలువడిన యేఁడే, డిసెంబరు మాసమున, ఈ జట్టు ఓక్లహోమా నగరమునకుఁ బోటీలకై వెళ్లెను. అచటి హోటలువారు నల్లజాతి యువకులకు గదు లియ్య నిరాకరించిరి. తెల్లవారగు నాటకాండ్రు మాత్రము దిగవచ్చునట. అప్పుడు జట్టంతయు నొక్కటియై, సెలవులకు మూసియున్న యొక కళాశాల వసతిగృహమున నందఱును గలిసి బసచేసిరి. ఈ చిన్నసంగతిని మేము గొప్పదిగా నెంచుచున్నాము. సభలలో సమానత్వముగూర్చి యుపన్యసించుట సులభము. సుఖమైన పడక తనకు దొరకుచుండఁగా, తోడివానికి దొరకలేదని దానిని వదలి చల్లని వసతిగృహమునకుఁ బోవుట కష్టము. ఇరువదియేండ్ల బాలురు దానిని చేసిరి. ఆ పోటీలలోఁ గూడ వారే గెలిచిరి.

1954–55 క్రీడావత్సరమున నీ జట్టు 29 ఆటలాడి 28 గెలిచెను. ఓడిన దొక్కటి, లాస్ ఏంజెలీస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టుతో 47–40. అటుపిమ్మట నోటమి యెఱుఁగలేదు. 1955 మార్చి 19వ తేదిని కాన్సాస్ నగరమున జరిగిన జాతీయ కళాశాలల తుదిపోటీలో ముందటి యేఁటి విజేతయగు లా సాల్ జట్టును 77–63తో నోడించెను. లా సాల్ జట్టునందలి టామ్ గోలా దేశమున నుత్తమాటకాండ్రలో నొకఁడని పేరుగన్నవాఁడు. అతనికంటెఁ బొట్టివాఁడగు జోన్స్ అతనిని నిలువరించుటయే కాక తాను 24 పాయింట్లు చేసెను. రసెల్ 23 పాయింట్లు చేసి, 25 మారులు వలయమునుండి తిరిగివచ్చిన బంతి నందుకొనెను. ఇల్లులేని జట్టు దేశమునకు విజేతయయ్యెను.

మఱుసటి యేఁడు వా రొక్క యాటయు నోడలేదు. 29 ఆడి 29 గెలిచిరి. విద్యార్థికాలపు నియమముచేత జోన్స్ తుదిపోటీలలో నాడుటకు వీలులేకపోయినను, 1956లో ఇల్లినాయి రాష్ట్రపు ఎవాన్‌స్టన్ పట్టణమున అయోవా జట్టును 83–71తో నోడించిరి. జాతీయ కళాశాలల పోటీ చరిత్రలో నొక్క యోటమియైన లేక విజేతయైన మొదటి జట్టిదియే. రసెల్ పట్టము పుచ్చుకొని వెడలినపిమ్మట నింక నైదు గెలిచి, వరుసగా 60 విజయములతో, 1956 డిసెంబరు 17న ఇల్లినాయి విశ్వవిద్యాలయముచే 62–33తో నోడిపోయిరి. ఆ 60 విజయముల హద్దును 1973లోఁ గాని మఱియొక జట్టు దాఁటలేదు. రసెల్‌ను కట్టడిచేయుటకై నియమములే మార్పఁబడెను: దాడిచేయువాఁడు మూఁడు క్షణములకుఁ బైఁగా నిలువరాని బుట్టక్రింది స్థలపు వెడల్పును 6 అడుగులనుండి 12 అడుగులకుఁ బెంచిరి. ఆ యేఁడే మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో రసెల్, జోన్స్ ఇరువురు నమెరికా జట్టున నాడి, సోవియట్ జట్టును 89–55తో నోడించి స్వర్ణపతకములు గైకొనిరి.

ఇంతటి కీర్తియు వారికి సుఖముగా రాలేదు. దేశపు విజేతలకు మూలస్తంభమై నిలిచిన 1955లోనే, ఉత్తర కాలిఫోర్నియా ప్రాంతపు నుత్తమాటకాఁడను బిరుదము రసెల్‌కు గాక వేఱొక విద్యాలయపు తెల్ల యువకునకీయఁబడెను. ఒరులిచ్చు బిరుదములు ఒరుల యిష్టముపై నాధారపడియుండును, ఆటలో గెలుపుమాత్ర మెవ్వరును దీసివేయ లేనిదని యతఁ డప్పుడే నిశ్చయించుకొనెను. ముగ్గురు నల్లవారి నాడించుచున్నాఁడని వూల్పర్ట్‌కు ద్వేషముతో నిండిన యుత్తరములు వచ్చుచుండెను. ఆయన తన పద్ధతిని మార్చుకొనలేదు. రెండు జాతీయ విజయములు సాధించిన యీ శిక్షకుఁడు 1959లో ఆరోగ్యము చెడి పదవి విడిచెను. తుదకు వాషింగ్టన్ రాష్ట్రమున నొక చిన్న పట్టణమునఁ బిల్లలను బడికిఁ జేర్చు బస్సు నడుపుచు నెమ్మదిగా జీవించెను. గెలుపును దలకెక్కించుకొననివానికే యట్టి నెమ్మది సాధ్యమని మా యభిప్రాయము.

ఇంతవఱకుఁ జెప్పినది వెలుఁగు భాగము. ఇఁక నీడను జూడవలెను. ఆ స్వర్ణకాలము గడచినపిమ్మట జట్టు పూర్తిగాఁ జతికిలపడలేదు. 1957లో రసెల్ లేకయే జాతీయపోటీలో మూఁడవ స్థానము పొందెను. తరువాతి దశాబ్దమునను మంచి జట్లు వెలసెను. కాని ఒకసారి శిఖర మెక్కినవానికి మైదానమున నడచుట కష్టము. పూర్వవిద్యార్థులును, నగరపు శ్రీమంతులును మరల నాఁటి వైభవమును జూడఁగోరిరి. కాలముగూడ మాఱెను. రేడియోతోను దూరదర్శినితోను కళాశాలల యాటలు వేడుకలుగాను, వేడుకలు వ్యాపారముగాను బరిణమించెను. ఎత్తయిన యువకుఁడు పాఠశాలలో నుండఁగనే పదుగురు శిక్షకులు వాని యింటిచుట్టు దిరుగుట మొదలిడిరి. 1976–77లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు వరుసగా 29 ఆటలు గెలిచి దేశమున మొదటి స్థానమున నిలిచెను. బిల్ కార్ట్‌రైట్ వంటి ప్రతిభావంతు లందుండిరి. పిమ్మట నోట్రడేమ్ జట్టుచే 93–82తోను, జాతీయపోటీ మొదటియాటలోనే నెవాడా–లాస్ వేగస్ జట్టుచే 121–95తోను నోడిరి. ఆ యాశయు, ఆ భంగమును గలిసి శ్రీమంతులగు నభిమానులలోఁ గొందఱకు నిగ్రహమును బోఁగొట్టెను.

అమెరికా కళాశాలల క్రీడలను బాలించు ఎన్.సి.ఏ.ఏ. యను సంఘ మొకటి కలదు. విద్యార్థియగు నాటకానికి విద్యావ్యయము తప్ప నెవ్వరును ధనమీయరాదని నాఁటి దాని శాసనము. ఆ శాసనము న్యాయమైనదా కాదా యన్నది వేఱుప్రశ్న. ఆటకాండ్రవలన నితరులు ధనవంతులగుచుండఁగా వారు మాత్రము వట్టిచేతులతో నుండుట తగునా యని చాలకాలము వివాదము జరిగి, 2021లో నా కట్టుబాటు సడలింపఁబడెను. కాని 1980 ప్రాంతమున నది యందఱు నంగీకరించి సంతకముచేసిన నియమము. దానిని రహస్యముగా నుల్లంఘించుట యబద్ధమాడుటయే. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు కొలఁది యేండ్లలో రెండుమారు లట్టి యుల్లంఘనమునకై యా సంఘముచే శిక్షింపఁబడెను. ప్రతిమారును విశ్వవిద్యాలయము దిద్దుకొందుమని వాగ్దానము చేసెను. ప్రతిమారును బయటి శ్రీమంతులు దొడ్డిత్రోవను దమ పద్ధతిని సాగించిరి.

1982లో నంతయు వెల్లడియయ్యెను. ఆ విశ్వవిద్యాలయముననే నర్సు విద్య నభ్యసించుచున్న యొక విద్యార్థిని, జట్టునందలి యగ్రగణ్యుఁడగు నాటకాఁడు తన్ను వసతిగృహమున దౌర్జన్యమునకు గుఱిచేసెనని ఫిర్యాదు చేసెను. అతఁడు న్యాయస్థానమునఁ దగ్గించిన నేరమునొకదాని నొప్పుకొని, చెఱసాలకుఁ బోకయే, కొంతకాలపు పర్యవేక్షణశిక్షతో బయటపడెను. ఆ విచారణలోనే మఱియొక సంగతి బయటఁబడెను: జట్టున కభిమానియగు నొక శ్రీమంతునియొద్ద నతఁడు పని చేయకయే నెలకు వేయి డాలర్లు జీతముగాఁ బుచ్చుకొనుచుండెను. ఈ వృత్తాంతమును వ్రాయువారిలోఁ బలువురు జీతపు సంగతిని విరివిగాఁ జెప్పి, ఆ విద్యార్థిని సంగతిని ఒక్క వాక్యముతో దాఁటిపోవుదురు. మా దృష్టిలో నీ క్రమము తలక్రిందులైనది. చదువుకొనవచ్చిన యువతికి రక్షణ లేని చోట జట్టుయొక్క కీర్తి దేనికి? ఆటకాఁడు గెలుపు తెచ్చిపెట్టును గాన నతని దోషమును జూచియుఁ జూడనట్లుండుట యలవాటైన చోటనే యిట్టి దౌర్జన్యమునకు ధైర్యము పుట్టును. దొంగజీతమును, ఆ దౌర్జన్యమును వేర్వేఱుగాఁ గనఁబడినను, గెలుపును దెచ్చువానికి నియమములు లేవను నొక్క భావముయొక్క బిడ్డలే.

అప్పటి విశ్వవిద్యాలయాధ్యక్షుఁడు జాన్ లో స్కియావో అను జెస్యూట్ గురువు. 1982 జూలై 29వ తేదిని ఆయన పత్రికలవారిని బిలిచి, పురుషుల బాస్కెట్ బాల్ జట్టును విశ్వవిద్యాలయము రద్దుచేయుచున్నదని ప్రకటించెను. సంఘము విధించిన శిక్ష గాదిది, న్యాయస్థానపుటాజ్ఞ గాదు, ధనము లేక చేసినది గాదు. రెండుమార్లు దిద్దుకొనఁజూచి దిద్దుకొన లేకపోయినందున, విద్యాపీఠముయొక్క సత్యసంధతకు గలుగుచున్న హాని యా యాటవలనఁ గలుగు లాభమును మించినదని యాయన నిశ్చయించెను. రసెల్ ఆడిన జట్టు, 60 ఆటలు వరుసగా గెలిచిన జట్టు, దేశమున కెఱుకైన జట్టు, ఒక్క దినమున లేకపోయెను.

నాఁడు దీనిని మెచ్చినవారును గలరు, నిందించినవారును గలరు. నిందించినవారి వాదమును న్యాయముగాఁ జెప్పవలెను. తప్పు చేసినవారు కొందఱు, శిక్ష యందఱికా? నిర్దోషులగు నాటకాండ్రు విద్యాలయమునే మార్చుకొనవలసివచ్చెనుగదా? బీదబాలురకుఁ జదువుత్రోవ చూపిన ద్వారమును మూయుట సంస్కరణమా? రసెల్ వంటివాఁ డిఁకఁ బుట్టినచో నెచటికిఁ బోవును? ఈ ప్రశ్నలు త్రోసివేయఁదగినవి గావు. నిర్దోషులకు నష్టము కలిగినమాట నిజము. అయినను రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది: తప్పుచేసినవారిని మాత్రమే తొలగింపవలెనను యత్నము రెండుమారులు జరిగి రెండుమారులును విఫలమైనది, తప్పు చేయువారు విశ్వవిద్యాలయపు చేతిక్రింద నుండువారు గాక బయటి ధనవంతులగుటచే, వారిని తొలగించు నధికార మధ్యక్షునికి లేకపోయెను. వారికి గావలసిన వస్తువును దీసివేయుటయే యాయన చేతిలో నున్న సాధనము. రెండవది: ద్వారము మూయఁబడినను తాళము పాఱవేయఁబడలేదు.

మూఁడేండ్లు గడచినవి. 1985లో జట్టు మరలఁ బునరుద్ధరింపఁబడెను. ఆ విశ్వవిద్యాలయముననే చదివి యాడిన జిమ్ బ్రొవెల్లిని శిక్షకునిగా నియమించిరి. క్రొత్తజట్టునకు మొదట నోటములే యెక్కువ. దానికై యెవ్వరును దొడ్డిత్రోవలు వెదకలేదు. 1998లోను 2022లోను జాతీయపోటీలలోఁ బ్రవేశించిరి. 2022లో మరే స్టేట్ జట్టుతో నదనపుకాలమువఱకును బోరాడి 92–87తో నోడిరి. పూర్వపు శిఖరమును వారు మరల నెక్కలేదు. ఇది వారు చెల్లించిన మూల్యము. మూల్యము చెల్లింపనక్కఱలేని ధర్మమును లోకమున నెవ్వరు చూచిరి? దీని ప్రక్క వేఱొక దృష్టాంత ముంచి చూడవలెను. టెక్సాసులోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు నిట్టి రహస్య చెల్లింపులకై 1987లో క్రీడాసంఘమే యొక వత్సరము నిలిపివేసెను. పని చూచుట కొక్కటే: జట్టు లేకపోవుట. కాని పరులచేఁ గట్టఁబడుటకును, తన్ను దాను కట్టుకొనుటకును భేదము కలదు. మొదటిది శిక్ష, రెండవది నిష్ఠ.

ఆ జట్టునఁ బుట్టిన మనుష్యులు తరువాత నేమైరో చెప్పిన యెడలఁ జరిత్ర పూర్తియగును. రసెల్ బోస్టన్ నగరపు వృత్తిజట్టున నాడి పదునొకండు జాతీయ విజయములలో భాగస్వామియయ్యెను. 1966లో నా జట్టునకే శిక్షకుఁడై, అమెరికా జాతీయ వృత్తిసంఘమున నట్టి పదవి నందిన మొదటి నల్లజాతివాఁడయ్యెను. నల్లజాతివారి పౌరహక్కుల యుద్యమమున నిర్భయముగా నిలిచెను. 2011లో అమెరికా యధ్యక్షునిచే స్వాతంత్ర్యపతకము గైకొని, 2022 జూలై 31న దివంగతుఁడయ్యెను. అతనిని గౌరవించుటకై 6 అను నతని యంకెను వృత్తిసంఘములోని యే జట్టునను క్రొత్తగా నెవ్వరికి నీయరాదని నిర్ణయించిరి. కె. సి. జోన్స్ శిక్షకుఁడై 1984లోను 1986లోను బోస్టన్ జట్టును విజయమునకు నడపి 2020లో మరణించెను. హాల్ పెర్రీ న్యాయవాదియయ్యెను. ఒక చిన్నవిద్యాలయము ముగ్గురు యువకులకుఁ దలుపు తెఱచుటవలనఁ గలిగిన ఫల మిది.

ఈ చరిత్రనంతయుఁ గలిపి చూచినచో మాకు దోఁచుచున్నది యిది. 1951లో ఫుట్‌బాల్ జట్టు తోడివారిని విడువనొల్లక మహాపోటీని విడిచెను. 1954లో బాస్కెట్ బాల్ జట్టు తోడివారిని విడువనొల్లక హోటలును విడిచెను. పిమ్మట నొక తరము గెలుపును విడువనొల్లక నియమమును విడిచెను. తుదకు 1982లో విశ్వవిద్యాలయము నియమమును గాపాడుకొనుటకై గెలుపునే విడిచెను. ఏది విడుచుటకు సిద్ధముగా నుందుము అన్నదానిఁబట్టియే మనుష్యుల యెత్తు తెలియును. సంస్థల యెత్తును అంతియే. రసెల్ కాలపు విజయములు గొప్పవి యగుట కవి 60 యగుట కారణము గాదు. వానిని సాధించుటకై యెవ్వనిని వెలివేయలేదు, ఎవ్వనిని మోసగింపలేదు. పని చేయని జీతముతోఁ గొన్న గెలుపులు పట్టికలో నట్లే యుండును. వానిని జెప్పుకొని గర్వించువారు లేరు.

నేఁడు విద్యాలయములు గెలుపులను బ్రకటించుకొనని దేశము లేదు. ఒకచోట నాటల గెలుపులు, ఇంకొకచోటఁ బరీక్షల గెలుపులు. మన పట్టణములలో గోడలను గప్పివేయు ర్యాంకుల ప్రకటనలను జూచువారికి దీనిని వేఱుగాఁ జెప్ప నక్కఱలేదు. గెలుపు తప్పని మేమనము. గెలుపు విద్యకు సేవకురాలై యుండవలెను. యజమానురాలై కూర్చుండిన దినమున నామెను బయటికిఁ బంపు ధైర్యము పెద్దలకుండవలెను. అట్టి ధైర్య మొక్కచోట నొక్కసారి కనఁబడినది. దానిని జ్ఞాపకముంచుకొనుట విద్యాలయములను నడపువారికిని, బిడ్డలను వానికిఁ బంపు తల్లిదండ్రులకును గూడ కర్తవ్యమని మా విన్నపము.